భూతభాషా కథకుడు గుణాఢ్యుడు

తెలుగు పాఠకులకు రహస్యమూ భయమూ కలగలిసిన కథలంటే మక్కువ ఎక్కువ. గడచిన శతాబ్ది ఉత్తరార్ధంలో కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్ హంతకుల జాడ తీస్తూ ఉంటే చదువరులు పుస్తకం మూయలేకపోయేవారు. 1980వ దశకంలో యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ చదివినవారు రాత్రిపూట దీపం ఆర్పడానికి జంకారు. ఈ రెండింటికీ ముందునుంచే ‘చందమామ’ మాసపత్రికలో విక్రమార్కుడు శవాన్ని భుజాన వేసుకొని శ్మశానం వైపు నడుస్తూనే ఉన్నాడు. శవంలోని బేతాళుడు కథ చెబుతూనే ఉన్నాడు. ఆ బేతాళ కథల పుట్టుపూర్వోత్తరాలు వెదుకుతూ వెనక్కి వెళ్ళినవారికి ఒక మహాగ్రంథం పేరు వినిపిస్తుంది. అది బృహత్కథ. దానిని రచించినవాడు గుణాఢ్యుడు. పిశాచాల భాషగా పేరుపడిన పైశాచిలో, సాతవాహన ప్రభువు కొలువును వీడి అడవికి వెళ్ళి, ఆ గ్రంథాన్ని రచించాడని ప్రతీతి.

గుణాఢ్యుని జీవితానికి సమకాలిక శాసనాధారాలు లేవు. ఆయన కాలాన్ని పండితులు క్రీస్తుశకారంభం మొదలుకొని క్రీ.శ. 6వ శతాబ్ది దాకా పలు విధాలుగా ఊహించారు. 7వ శతాబ్ది నాటికి మాత్రం ఆయన కీర్తి దేశమంతటా వ్యాపించి ఉంది. దండి తన కావ్యాదర్శంలో బృహత్కథ భూతభాషలో ఉన్నదని పేర్కొన్నాడు. బాణభట్టు, సుబంధుడు ఆ గ్రంథాన్ని స్మరించారు. సముద్రానికి ఆవల కంబుజ దేశంలో, నేటి కంబోడియాలో, 9వ శతాబ్ది నాటి శాసనంలో సైతం గుణాఢ్యుని పేరు కనిపిస్తుంది. ఇంతటి ప్రసిద్ధి పొందిన రచయిత జీవితకథ మనకు ప్రధానంగా దొరికేది 11వ శతాబ్దిలో కాశ్మీర కవి సోమదేవుడు సంస్కృతంలో రచించిన కథాసరిత్సాగరంలో. దాని మొదటి లంబకమైన కథాపీఠం గుణాఢ్యుని చరిత్రే. అందులో చరిత్ర ఎంత, కల్పన ఎంత అని తూచి చెప్పడం సాధ్యం కాదు. కనుక ఇక్కడ చెప్పబోయే జీవితాన్ని పరంపరగా వచ్చిన గాథగానే గ్రహించాలి.

సాతవాహనులంటే మనకు దూరపువారు కారు. గోదావరి తీరాన జగిత్యాల జిల్లా కోటిలింగాలలో ఆ వంశస్థాపకుడైన శ్రీముఖుని నాణేలు లభించాయి. సూర్యాపేట జిల్లాలోని ఫణిగిరి కొండమీద బౌద్ధ స్తూపంతో పాటు సాతవాహనుల నాటి అవశేషాలు బయటపడ్డాయి. మఠంపల్లి మండలాన్ని ఒరుసుకొని పారే కృష్ణానదికి ఎగువన ఉన్న నాగార్జునకొండ లోయలో సాతవాహనుల తరువాత ఇక్ష్వాకులు రాజ్యమేలారు. గుణాఢ్యుని గాథకు రంగస్థలమైన ప్రతిష్ఠాన నగరం నేటి మహారాష్ట్రలోని పైఠాన్. అదీ మన గోదావరి ఒడ్డునే ఉన్నది. గాథలోని రాజు పేరు కేవలం సాతవాహనుడు. అతడు హాలుడని కొందరు, మరొకడని కొందరు భావించారు. నేపాళ దేశంలోని సంప్రదాయం మరొక దారి పట్టి, గుణాఢ్యుడు మథురలో పుట్టి ఉజ్జయిని రాజును కొలిచాడని చెబుతుంది.

గుణాఢ్యుని పుట్టుకలోనే ఒక చిక్కుముడి ఉన్నది. ప్రతిష్ఠాన ప్రాంతంలో సోమశర్మ అనే బ్రాహ్మణుడు ఉండేవాడు. ఆయనకు ఇద్దరు కుమారులు, శ్రుతార్థ అనే కుమార్తె. తల్లిదండ్రులు గతించిన తరువాత అన్నల సంరక్షణలో పెరుగుతున్న శ్రుతార్థ గర్భవతి అయింది. ఇంటిలో పరపురుషుడెవరూ అడుగు పెట్టలేదు కాబట్టి అన్నలిద్దరూ ఒకరినొకరు శంకించారు. అప్పుడామె నిజం చెప్పింది. నాగరాజు వాసుకి సోదరుని కుమారుడైన కీర్తిసేనుడు ఆమెను చూచి మోహించి గాంధర్వ విధిని వివాహమాడాడు. అన్నలు నమ్మలేదు. ఆమె తలచుకోగానే కీర్తిసేనుడు స్వయంగా వచ్చి, పుట్టబోయే బిడ్డతో వారందరికీ శాపవిమోచనం కలుగుతుందని తెలిపి వెళ్ళాడు. ఆ బిడ్డడే గుణాఢ్యుడు. శివుని గణాలలో ఒకడైన మాల్యవంతుడు పార్వతి శాపం వల్ల మానవుడై పుట్టాడని గాథాకారుని వివరణ. శివుడు పార్వతికి ఏకాంతంలో చెప్పిన కథను పుష్పదంతుడనే గణం చాటుగా విని తన భార్యకు చెప్పడం, ఆమె దానిని పార్వతికే చెప్పడం, ఆగ్రహించిన పార్వతి పుష్పదంతుని శపించడం, అతనికోసం వేడుకొన్న మాల్యవంతుడు కూడా శాపానికి గురికావడం ఆ శాపానికి పూర్వరంగం. చాటుగా విన్న కథను లోకమంతటికీ చెబితే తప్ప ఆ శాపం తీరదు. కథ చెప్పడమే శిక్షగా, విముక్తిగా అమరిన ఇటువంటి కల్పన ఇతర సాహిత్యాలలో అరుదు.

పసితనంలోనే తల్లినీ మేనమామలనూ పోగొట్టుకొన్న గుణాఢ్యుడు ఒంటరిగా దక్షిణాపథానికి వెళ్ళి సకల విద్యలూ అభ్యసించాడు. శిష్యులతో ప్రతిష్ఠానానికి తిరిగి వచ్చి రాజదర్శనం చేసుకొన్నాడు. సాతవాహనుడు ఆయన పాండిత్యానికి ముగ్ధుడై మంత్రి పదవినిచ్చాడు. వివాహం, సంపద, శిష్యబృందం, రాజగౌరవం అన్నీ సమకూరాయి. అంతవరకూ ఆయన జీవితం ఏ ఆస్థాన పండితుని జీవితానికీ భిన్నమైనది కాదు. దానిని తలకిందులు చేసినది ఒక సంధికార్యం.

వసంతకాలంలో ఒకనాడు సాతవాహనుడు ఉద్యానవనంలోని దిగుడుబావిలో రాణులతో జలక్రీడలాడుతున్నాడు. సుకుమారి అయిన ఒక రాణి అలసిపోయి, తనపై నీళ్ళు చల్లవద్దని సంస్కృతంలో వేడుకొన్నది. ‘మా’ అనగా వద్దు, ‘ఉదక’మనగా నీరు. ఈ రెండింటికీ గుణసంధి జరిగితే వినిపించేది ‘మోదక’ శబ్దం. మోదకమంటే కుడుము. వ్యాకరణం ఎరుగని రాజు ఆమె మిఠాయిలు కోరుతున్నదని భావించి, కుడుములు తెప్పించాడు. రాణి పకపక నవ్వింది. నీటిలో మిఠాయిలతో పనేమిటని, సంధి మాత్రం తెలియని రాజు ఎటువంటి రాజని ఆక్షేపించింది. పరిజనమంతా నవ్వు ఆపుకోలేకపోయారు.

ఆనాటినుండి రాజు మంచం పట్టాడు. ఆహారం ముట్టలేదు, పలుకరించినవారికి బదులివ్వలేదు. పండితుడో, మరణమో, రెండింటిలో ఒకటే తనకు శరణ్యమని నిశ్చయించుకొన్నాడు. విషయం తెలుసుకొన్న మంత్రులిద్దరు, గుణాఢ్యుడు, శర్వవర్మ, రాజు చెంతకు వచ్చారు. వ్యాకరణం నేర్వడానికి సామాన్యంగా 12 సంవత్సరాలు పడుతుందని, తాను 6 సంవత్సరాలలో నేర్పగలనని గుణాఢ్యుడు విన్నవించాడు. అది నిజాయితీగల ఉపాధ్యాయుని మాట. శర్వవర్మ మాత్రం 6 నెలలు చాలునన్నాడు. గుణాఢ్యునికి కోపం వచ్చింది. శర్వవర్మ అంత పనీ చేస్తే తాను సంస్కృతాన్ని, ప్రాకృతాన్ని, దేశభాషను, మనుష్యులు మాట్లాడే ఆ మూడింటినీ జీవితాంతం విడిచిపెడతానని శపథం చేశాడు. చేయలేకపోతే 12 సంవత్సరాలు గుణాఢ్యుని పాదుకలు తలపై మోస్తానని శర్వవర్మ ప్రతిశపథం చేశాడు.

ఇక్కడ ఒక్కక్షణం ఆగి ఆలోచించవలసి ఉన్నది. శర్వవర్మ ఓడితే పోయేది పరువు మాత్రమే. గుణాఢ్యుడు ఓడితే పోయేది వాక్కు. పండితునికి వాక్కే జీవనం. తన సర్వస్వాన్నీ ఎదుటివాని కాలపరిమితిమీద పందెం కాయడం ఆవేశమే కాని వివేకం కాదు. అయినా ఆ ఆవేశం లేకుంటే బృహత్కథ లేదు.

శర్వవర్మ కుమారస్వామిని ఆరాధించి, ఆయన అనుగ్రహంతో ఒక సంక్షిప్త వ్యాకరణాన్ని పొందాడు. అదే కాతంత్రం. దీనికే కాలాపకమనీ పేరు. రాజు 6 నెలలలో వ్యాకరణం నేర్చుకొన్నాడు. రాజ్యమంతటా ఉత్సవాలు జరిగాయి. శర్వవర్మను రాజు భరుకచ్ఛ ప్రాంతానికి అధిపతిని చేశాడు. గాథలో గుణాఢ్యునిపై మనకు కలిగే జాలివల్ల శర్వవర్మను తక్కువ చేయనక్కరలేదు. కాతంత్రం చరిత్రలో నిలిచిన వ్యాకరణమే. బెంగాల్, కాశ్మీర ప్రాంతాలలో శతాబ్దాలపాటు దానిని పాఠం చెప్పారు. టిబెట్ భాషలోకి సైతం అనువదించారు.

గుణాఢ్యుడు మౌనం వహించాడు. భాష లేని మంత్రి కొలువులో ఉండి చేయగలిగినదేమీ లేదు. గుణదేవుడు, నందిదేవుడు అనే ఇద్దరు శిష్యులు మాత్రం వెంట రాగా, ఎవరికీ చెప్పకుండా నగరం విడిచి వింధ్యారణ్యానికి వెళ్ళాడు. ఆ అడవిలో రాత్రివేళ పిశాచాలు తమలో తాము మాట్లాడుకొంటూ ఉండగా దూరంనుంచి విన్నాడు. అది సంస్కృతం కాదు, ప్రాకృతం కాదు, దేశభాష కాదు. తన శపథానికి అడ్డురాని నాలుగవ భాష. విని విని దానిని నేర్చుకొన్నాడు. ఆ భాషతోనే మౌనాన్ని వీడి కాణభూతి అనే పిశాచాన్ని పలుకరించాడు. కాణభూతి కూడా శాపగ్రస్తుడే. పూర్వం కుబేరుని కొలువులోని యక్షుడు. పుష్పదంతుడు మానవజన్మలో వరరుచియై ఆ అడవికి వచ్చి, శివుడు చెప్పిన మహాకథను అతనికి వినిపించి వెళ్ళాడు. ఇప్పుడు కాణభూతి ఏడుగురు విద్యాధర చక్రవర్తుల చరిత్రలుగా ఉన్న ఆ కథను గుణాఢ్యునికి పైశాచిలో చెప్పి శాపవిముక్తుడయ్యాడు.

పిశాచం ఉపాధ్యాయుడు కావడం ఈ గాథలోని గొప్ప విశేషం. భయపెట్టే పిశాచం మనకు కథల్లో తరచు ఎదురవుతుంది. మనుష్యుల భాషలన్నీ కోల్పోయినవానికి మాట దానం చేసే పిశాచం మాత్రం ఎక్కడోగాని కనిపించదు. పైశాచి నిజంగా ఎవరి భాష అన్నది వేరే ప్రశ్న. అది వాయవ్య భారతంలోని జనుల ప్రాకృతమని కొందరు, వింధ్య ప్రాంతపు భాష అని కొందరు భావించారు. పాలీ భాషతో దానికి పోలికలున్నాయని చూపినవారూ ఉన్నారు. 12వ శతాబ్దిలో జైనాచార్యుడు హేమచంద్రుడు దాని లక్షణాలు చెబుతూ, దకారం తకారమవుతుందని, దామోదరుడు అందులో తామోతరుడవుతాడని వివరించాడు.

గుణాఢ్యుడు ఆ కథను 7 సంవత్సరాలలో 7 లక్షల గ్రంథాలుగా రచించాడు. 32 అక్షరాలు ఒక గ్రంథం. మహాభారతాన్ని లక్ష శ్లోకాల కావ్యమని లెక్కిస్తారు కాబట్టి ఇది దానికి ఏడింతలు. రోజుకు దాదాపు 274 గ్రంథాలు రాయవలసి ఉంటుంది. అడవిలో సిరా లభించక తన రక్తంతోనే రాశాడని గాథ. అంత రక్తం ఎక్కడిదని లెక్క అడిగితే గాథ బదులు చెప్పదు. ఆయన చదువుతూ ఉండగా సిద్ధులు, విద్యాధరులు ఆకాశంలో పందిరి వేసినట్లు గుమిగూడి విన్నారట.

రచన ముగిసిన తరువాత దానిని లోకంలో వ్యాపింపజేయడం ఎలాగన్న చింత కలిగింది. రసజ్ఞుడైన సాతవాహనుడే తగినవాడని శిష్యులు సూచించారు. గుణాఢ్యుడు నగరం వెలుపలి తోటలో ఆగి, శిష్యుల చేతికిచ్చి గ్రంథాన్ని పంపాడు. అప్పటికి రాజు వ్యాకరణం నేర్చి పండితుడయ్యాడు. కొత్తగా వచ్చిన పాండిత్యానికి గర్వం సహజం. పరిమాణం 7 లక్షలు, భాష పైశాచి, రాసినది రక్తంతో, తెచ్చినవారి ఆకారం పిశాచాలను పోలినది. ఒక్క పత్రమైనా చదవకుండానే ఆ కథను తిరస్కరించాడు. ఒకనాడు మాట తెలియక నవ్వులపాలైన రాజే, మాట తెలిసిన తరువాత మరొక మాటను నవ్వులపాలు చేశాడు.

శిష్యులు తిరిగి వచ్చి జరిగినది చెప్పారు. గుణాఢ్యుడు సమీపంలోని కొండపైకి వెళ్ళి, అందమైన ఏకాంత ప్రదేశంలో అగ్నికుండం ఏర్పరచాడు. ఒక్కొక్క పత్రాన్ని మృగాలకూ పక్షులకూ చదివి వినిపించి, చదివిన పత్రాన్ని మంటలో వేయసాగాడు. శిష్యులు కన్నీరు కారుస్తూ చూస్తూ ఉండిపోయారు. వారికి మిక్కిలి ఇష్టమైన నరవాహనదత్తుని చరిత్ర, లక్ష గ్రంథాలు, వారి కోసం మిగిల్చాడు. తక్కిన కథనంతా వినిపిస్తూ కాల్చాడు. లేళ్ళు, దున్నలు, పందులు గడ్డి ముట్టక, చుట్టూ నిశ్చలంగా నిలిచి, కన్నీళ్ళతో విన్నాయి.

ఇంతలో నగరంలో రాజుకు జబ్బు చేసింది. గాథలోని ఈ భాగం ఏ అపరాధ పరిశోధన నవలకూ తీసిపోదు. వైద్యులు పరీక్షించి, సారంలేని ఎండు మాంసం తినడమే వ్యాధికి హేతువన్నారు. వంటవారిని నిలదీస్తే, వేటగాళ్ళు తెచ్చే మాంసమే అటువంటిదన్నారు. వేటగాళ్ళను పిలిపిస్తే అసలు సంగతి బయటపడింది. ఒక కొండమీద ఎవరో బ్రాహ్మణుడు ఏదో చదువుతూ ఒక్కొక్క ఆకునూ నిప్పులో వేస్తున్నాడని, అడవిలోని జంతువులన్నీ అక్కడే చేరి మేత మానివేశాయని, అందుకే వాటి మాంసం ఎండిపోయిందని చెప్పారు. రోగం నుంచి వంటయింటికి, వంటయింటి నుంచి వేటకు, వేటనుంచి కొండకు జాడ దారి తీసింది. జాడ చివర దొరికిన అపరాధి ఆ రాజే. ఆయన కాదన్న కథే ఆయన కంచంలోకి తిరిగి వచ్చింది.

రాజు వేటగాళ్ళు దారి చూపగా కొండకు వెళ్ళాడు. జడలు కట్టిన తలతో, చుట్టూ కన్నీరు కార్చే మృగాలతో కూర్చున్న గుణాఢ్యుని గుర్తుపట్టి నమస్కరించాడు. గుణాఢ్యుడు తన శాపవృత్తాంతాన్ని భూతభాషలోనే తెలిపాడు. రాజు కాళ్ళపై పడి దివ్యకథను తనకిమ్మని వేడుకొన్నాడు. 6 లక్షల గ్రంథాలు అప్పటికే బూడిదయ్యాయని, మిగిలిన లక్ష తీసుకొమ్మని, అర్థం శిష్యులు చెబుతారని గుణాఢ్యుడు బదులిచ్చాడు. తరువాత యోగమార్గాన దేహం చాలించాడు. సాతవాహనుడు గుణదేవ నందిదేవులను సత్కరించి, ఆ కథ భూలోకానికి ఎలా వచ్చినదో తెలిపే కథాపీఠాన్ని అదే పైశాచిలో రచించాడని గాథ ముగుస్తుంది.

కాలక్రమంలో ఆ లక్ష గ్రంథాలు కూడా లుప్తమయ్యాయి. మనకు మిగిలినవి అనుసరణలే. నేపాళంలో దొరికిన బుధస్వామి బృహత్కథాశ్లోకసంగ్రహం, కాశ్మీరంలో క్షేమేంద్రుని బృహత్కథామంజరి, సోమదేవుని కథాసరిత్సాగరం సంస్కృతంలోనివి. తమిళంలో కొంగువేళిర్ పెరుంగదై, జైన ప్రాకృతంలో సంఘదాసుని వసుదేవహిండి ఆ కథాసంప్రదాయానివే. సోమదేవుడు రాణి సూర్యవతి వినోదార్థం రచించిన గ్రంథం 18 లంబకాలు, 124 తరంగాలు. బేతాళ పంచవింశతి దాని 12వ లంబకంలో ఉన్నది. నేపాళ ప్రతిలో ఆ కథలు లేనందువల్ల, అవి గుణాఢ్యుని మూలంలో ఉండేవి కావని, కాశ్మీరంలో తరువాత చేరాయని చాలామంది పండితుల అభిప్రాయం. అది నిజమే అయినా, చేర్చినవారు ఆ కథలకు చోటు ఎంచుకోవడంలో పొరబడలేదు. సోమదేవుని కథలో శవాన్ని మోసే రాజు త్రివిక్రమసేనుడు. అతని రాజధాని ఉజ్జయిని కాదు, గోదావరి తీరంలోని ప్రతిష్ఠానం. గుణాఢ్యుడు మాట పోగొట్టుకొన్న నగరమే.

అందులోని ఒక కథను చూడండి. మందారవతి అనే కన్యను ముగ్గురు యువకులు వరించారు. ఆమె అకస్మాత్తుగా మరణించింది. ఒకడు చితాభస్మంమీదే శయనించాడు, ఒకడు అస్థికలను గంగకు తీసుకొనిపోయాడు, ఒకడు దేశాలు తిరిగి మృతసంజీవని మంత్రం సంపాదించి ఆమెను బ్రతికించాడు. ఆమె ఎవరి భార్య కావాలని బేతాళుని ప్రశ్న. ప్రాణమిచ్చినవాడు తండ్రి వంటివాడు, అస్థికలు గంగలో కలిపినవాడు కుమారుని వంటివాడు, భస్మాన్ని వీడనివాడే భర్త అని రాజు తీర్పు. మౌనం వీడగానే బేతాళుడు మళ్ళీ చెట్టెక్కాడు. తెలిసి చెప్పకపోతే తల పగులుతుంది, చెబితే పని చెడుతుంది. చివరి కథకు రాజు నిజంగానే సమాధానం ఎరుగడు. అప్పుడు బేతాళుడే ప్రసన్నుడై, సన్యాసి వేషంలో ఉన్న క్షాంతిశీలుడు రాజును బలి ఇవ్వబోతున్నాడని హెచ్చరించి కాపాడతాడు. హంతకుడు సన్యాసి, రక్షకుడు పిశాచం.

ఈ దృష్టితో ఇటీవలి రహస్య, భూతకథలను చదివితే రెండు రకాలు కనిపిస్తాయి. కొన్నింటిలో దెయ్యం అకస్మాత్తుగా తలుపు తెరచి కేక పెట్టడానికే వస్తుంది. పుస్తకం మూయగానే దానిని మరచిపోతాం. కొన్నింటిలో అది మనిషిని ఏదో అడుగుతుంది, అన్యాయంగా పోయిన ప్రాణానికో, దాచిన నిజానికో లెక్క చెప్పమంటుంది. రెండవ రకం రచనలు సంఖ్యలో తక్కువ. వాటికే పాఠకులు మళ్ళీ వెళుతున్నారు. 1947లో ప్రారంభమైన చందమామలో బేతాళ కథలు దశాబ్దాలపాటు సాగడానికి కారణం ఇదే. మూలంలోని కథలు ఎప్పుడో అయిపోయినా, బేతాళుని ప్రశ్న కోసం రచయితలు నూరుల కొద్దీ కొత్త కథలు కల్పించారు. శంకర్ వేసిన బొమ్మలో భుజాన శవంతో, చేత కత్తితో నడిచే రాజును 2012 ప్రాంతంలో పత్రిక ఆగిపోయిన తరువాత కూడా తెలుగువారు మరువలేదు.

బృహత్కథ పైశాచీమూలం ఒక్క పత్రమైనా ఇంతవరకూ లభించలేదు. ఆ భాషలో ఈనాడు మనం చూడగలిగినవాటిలో హేమచంద్రుడు తన వ్యాకరణ సూత్రాలకు ఉదాహరణలుగా ఇచ్చిన పదాలు, కొద్దిపాటి వాక్యాలు ముఖ్యమైనవి. వాటిలో కొన్ని గుణాఢ్యుని గ్రంథంలోనివే కావచ్చునని పండితుల ఊహ.